4138 అనుకున్న లెవెల్

ఆ సాయంత్రం కాలవ లాకు పక్క గదిలో ఉన్నవి: ఒక టేబులు, దాని మీద గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర వలలో దొరికిన ఇత్తడి లెవెల్, తడి గోనె. ఉన్నవాళ్లు: నేను, దాన్ని తెచ్చిన ముసలి జాలరి, మా సర్వే పడవ నడిపే సరంగు భార్య, ఆమె మరిది.

రాజమండ్రి దగ్గర రైలు వంతెన స్తంభాలు ఇంకా నీళ్లలోంచి లేస్తున్న రోజులవి. ఆ ఏటి వరదల్లో మా పడవ సరంగుతో సహా కనపడకుండా పోయింది. శవాలు దొరకలేదు. కులపెద్దలు ఆమెను బొట్టూ గాజులూ తీసెయ్యమన్నారు. రుజువు చూపిస్తేగాని తియ్యనంది. పడవలో ఒక లెవెల్ ఉండేది, నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణి. ఇది అదేనో కాదో చెప్పమని నన్ను పిలిచారు.

“వలలో పడ్డకాణ్ణించి నన్నే చూస్తందండి బాబూ,” అన్నాడు జాలరి, దాని అద్దం వైపు తిరక్కుండా.

“చేపలే నీకేసి చూడవు, అదెందుకు చూస్తది?” అన్నాడు మరిది. ఎవరూ నవ్వలేదు.

గోనెతో తుడిచి నంబరు చదివాను. 4133. పోయినదాన్ని మేమంతా 4138 అనేవాళ్లం. ఆ మాటే చెప్పాను.

ఆమె గోడకి చేరబడి కూర్చుంది. “నాకు తెలుసండి. ఆయన పడవలోదైతే పసుపుండేది. ఏటా దసరాకి పసుపూ కుంకుమా పెట్టేది ఆయనే కదండీ. ఎవర్నీ తుడవనిచ్చేవాడు కాదు.”

ఇంగ్లండు సీమలో తయారుచేసేవాళ్లు నంబర్లు వరసగా కొడతారు. మాకు అయిదు లెవెళ్లూ ఒకే పెట్టెలో వచ్చాయి. మా సర్వే సామాన్ల కొట్లో మిగిలినవి 4131, 4132, 4134, 4135. అయిదోది 4138 ఎలా అయిందో అప్పటిదాకా ఎవరమూ ఆలోచించలేదు.

చివరి అంకె ఎడమ అంచున గుండుసూదితో గీకాను. సూది మొనకి పసుపు అంటింది. ఏటేటా పూసింది గట్టిపడి 3 ఎడమవైపు మూసుకుపోతే, మేం 8 అని చదివాం. ఉప్పునీళ్లు పైపూత కడిగేశాయి, అంకె గాడిలో కొంచెం మిగిలింది. టేబులు ఒక పక్కకి వాలి ఉంది. అయినా, సమంగా ఉంటేగాని మధ్యకి రాని లెవెల్లో గాలిబుడగ సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది.

“ఏంటండీ ఆ వాసన?” అందామె. అది నాకూ వస్తోంది, పొద్దునే నూరిన పసుపులా. లేచి వచ్చి సూది మొన చూసింది.

“చెప్పండి బాబుగారూ.”

చెప్పాను. ఆమె రెండు చేతులూ టేబులు మీద పెట్టింది. గాజులు మొత్తం పదిహేను.