ఎండ దొరకని తాబేలు

మా ఆయన ఇల్లు వదిలి బేగంపేటలో వేరే గది తీసుకున్నాక, అమ్మాయిని చూడటానికి మొదటిసారి వచ్చిన ఆదివారం చేతిలో ఒక గాజు గిన్నె పట్టుకొచ్చారు. గిన్నెలో రంగు రాళ్లు, ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, వాటి మధ్య అరచేతిలో సగం కూడా లేని తాబేలు పిల్ల. ఆకుపచ్చగా ఉంది. కళ్ల వెనక రెండువైపులా ఎర్రటి గీత. మేం అప్పుడే చర్చి నుంచి వచ్చాం. నేనింకా చీర కూడా మార్చుకోలేదు.

"దీనికి ఏం చెయ్యాలి?" అని అడిగాను.

"ఏముంది, నీళ్లు మారిస్తే చాలు. షాపువాళ్లు గింజలిచ్చారు, అవి వెయ్యడమే. అసలు పనే ఉండదు."

మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. గిన్నె ముందు బోర్లా పడుకుని చాలాసేపు దాన్నే చూసింది. ఆయన చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి పరుగెత్తింది.

"మళ్లీ ఎప్పుడొస్తారు డాడీ?"

"దీన్ని చూడటానికి వస్తాగా," అని నవ్వుతూ అమ్మాయి తల నిమిరి వెళ్లిపోయారు.

మా మధ్య ఏం జరిగిందో చెప్పాలంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు తగ్గిపోయాయి. తరువాత ఆయనకు ఆ ఇల్లే ఊపిరాడనట్టు అయింది. నేను స్కూల్లో టీచర్ని. రోజూ అంతమంది పిల్లల ముందు నిలబడాలి కాబట్టి ఏడవడానికి కూడా తీరికలేదు. అడిగినవాళ్లకు ఆఫీసు పని మీద క్యాంపుకు వెళ్లారని చెప్పేదాన్ని. చర్చిలో ఆడవాళ్లు నా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసి, ఏమీ అడగకుండా నా చెయ్యి నొక్కేవాళ్లు. అది ఇంకా కష్టంగా ఉండేది.

మేం సీతాఫల్‌మండిలో ఒక ఇంటి వెనక భాగంలో, కింద పోర్షన్లో అద్దెకు ఉండేవాళ్లం. మూడు వైపులా పక్కిళ్ల గోడలే. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిందే. తాబేలు గిన్నెను వంటింటి అరుగు మీద, బియ్యం డబ్బా పక్కన పెట్టాం. గింజలు వేస్తే తినేది, నీళ్లు వాసనొస్తే మార్చేదాన్ని. అంతే అనుకున్నాను.

చలి ముదిరేసరికి అది తినడం మానేసింది. గింజలు నీళ్లలో నాని ఉబ్బి అడుగున పేరుకునేవి. తరువాత కళ్లు వాచాయి. మొదట ఒకటి మూసుకుంది, వారం తిరగకముందే రెండోది కూడా. ఒకరోజు మా అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని నా దగ్గరికొచ్చింది.

"మమ్మీ, డిప్ప నొక్కితే లోపలికి పోతోంది. చపాతీ పిండిలాగా."

నేనూ వేలితో తాకి చూశాను. నిజమే. గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా తగిలింది.

"ఇది చచ్చిపోతే డాడీ ఇంక రారు కదా?"

అడిగినట్టు లేదు, తెలిసిన విషయమే చెప్పినట్టుంది. అలాంటిదేం లేదని చెప్పబోయాను. కానీ ఆ మధ్య రెండు ఆదివారాలు ఆయన రాలేదు. ఆఫీసులో ఆడిట్ అని ఫోన్ చేశారు. ఫోన్లో అమ్మాయి, "తాబేలు బాగుంది డాడీ, చాలా పెద్దదయింది, మీరే వచ్చి చూడండి," అంటుంటే పక్కనే నిలబడి విన్నాను. అంత చిన్న పిల్లకు అబద్ధం చెప్పడం ఎవరు నేర్పారా అనుకున్నాను.

మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి గిన్నెను సంచిలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. వరండా నిండా కుక్కలు. నా వంతు వచ్చాక గిన్నెను టేబుల్ మీద పెడితే డాక్టరమ్మ వంగి చూసింది. నా వయసే ఉంటుంది ఆమెకు.

"ఇవి నా దగ్గరికి ఎక్కువ రావండి. చదివింది, ఒకటి రెండు చూసిన అనుభవం, అంతే. ఇది బతుకుతుందని మాత్రం మాటివ్వలేను," అంది. తరువాత దాన్ని తిరగేసి, డిప్ప అంచులు నొక్కి చూసింది. "ఎండ ఎక్కడ తగులుతోంది దీనికి?"

"తగలదండీ. మా ఇంట్లో ఎండ రాదు."

"అదే సంగతి. ఎండ లేకపోతే తిండిలోని సున్నం డిప్పకు పట్టదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, నేరుగా పడాలి. అలాగని రోజంతా ఎండలో పెట్టేరు, ఉడికిపోతుంది. సగం ఎండ, సగం నీడ ఉండాలి. ఎప్పుడు ఎక్కడుండాలో అదే చూసుకుంటుంది. ఈదడానికి లోతు నీళ్లు కావాలి, ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి పొడి చోటు కావాలి. ఈ గిన్నెలో ఆ రెండూ లేవు కదా."

కళ్లలో వెయ్యడానికి చుక్కలు రాసింది, విటమిన్ మందు రాసింది. గింజలు తగ్గించి ముళ్లతో సహా చిన్న చేపలు, ఆకులు పెట్టమంది. దాన్ని ముట్టుకున్నాక అమ్మాయి చేతులు సబ్బుతో కడుక్కోవాలని గట్టిగా చెప్పింది.

మందులు కొనుక్కోవడం తేలికే. ఎండ ఎక్కడ తేవాలి? ఎండ మా ఇంటి మేడ మీద ఉంది. మేడ తాళంచెవి ఇంటామె దగ్గర ఉంది. ఆమె పైఅంతస్తులో ఉండేది. ఆమె భర్తకు రెజిమెంటల్ బజార్‌లో రేకు పెట్టెల దుకాణం. అద్దెకున్నవాళ్లెవరినీ ఆమె మేడ ఎక్కనిచ్చేది కాదు. బట్టలు సైతం కింద ఆరేసుకోవాల్సిందే. అయినా గిన్నె పట్టుకుని వెళ్లాను.

"ఏందీ టీచరమ్మా, గిదేంది గిన్నెల?"

చెప్పాను. ఆమె పూర్తిగా విని తల అడ్డంగా ఊపింది.

"తాళం ఎందుకేసిన్నో ఎర్కేనా? ముందుగాల ఉన్న కిరాయోళ్లు పైన నీళ్లు పారబోసి స్లాబంతా ఖరాబ్ చేసిన్రు. వానొస్తే మా వంటింట్ల ఉరుస్తది. మల్లా ఆ తక్లీఫ్ నాకెందుకు? ఒక తాబేలు పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు."

"ఇంకోటి తెస్తే కుదరదు ఆంటీ. ఇది వాళ్ల నాన్న ఇచ్చింది. ఇది ఉంటేనే ఆయన వస్తారని పిల్ల అనుకుంటోంది." ఇక దాచలేకపోయాను. "ఆయన క్యాంపులో లేరు. మమ్మల్ని వదిలి వెళ్లిపోయారు."

"నాకు ఎర్కలేదనుకుంటున్నవా? దసరా కాడికెల్లి మీ ఇంట్ల మొగమనిషి చెప్పులు లేవు." నా చేతిలోని గిన్నె తీసుకుని ఆ మూసుకున్న కళ్లను దగ్గరగా చూసింది. "పరేషాన్ కాకు. కూసో. చాయ్ తాగు."

ఆమె మేడ మూలన ఒక పాత సిమెంటు గోలెం ఉంది. దాన్ని గోడ పక్కకు, పిట్టగోడ నీడ సగం పడే చోటికి జరిపాం. లోపల ఇటుకలు పేర్చి, ఎక్కడానికి వీలుగా ఒక పెంకు వాలుగా ఆనించాం. నీడవైపు చెక్కపలక కప్పాం. గద్దలు, కోతులు ఎత్తుకుపోకుండా ఇంటామె భర్త దుకాణంలో జాలీతో మూత చేయించి తెచ్చాడు. మురికినీళ్లు స్లాబు మీద పొయ్యకుండా బకెట్లతో కిందికి మోసుకెళ్లాలన్నది ఆమె షరతు. ఒప్పుకున్నాను.

తేలిగ్గా ఏమీ జరగలేదు. కళ్లలో చుక్కలు వెయ్యబోతే తల లోపలికి లాక్కునేది. మా అమ్మాయి దాన్ని పట్టుకుని తల బయటికొచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. చేపముక్కను ముక్కు దగ్గర పెట్టినా కదిలేది కాదు. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి గాలికి చెక్కపలక కిందపడి ఉంది. గోలెంలో చెయ్యి పెడితే నీళ్లు స్నానానికి కాచినంత వేడి. తాబేలు కాళ్లు వేలాడేసి తేలుతోంది. దాన్ని తీసి నీడలో తడిగుడ్డ మీద పెట్టాను. చల్లటి నీళ్లు ఒక్కసారి పొయ్యడానికి భయమేసి గుడ్డనే తడుపుతూ కూర్చున్నాను. ఇంటామె నా వెనక నిలబడి నోట్లోనే ఏదో దువా చదువుకుంటోంది. నేనూ నా ప్రార్థన చేసుకున్నాను. సాయంత్రానికి ఒక కాలు కదిపింది.

ఆ తరువాత కొన్నాళ్లకు ఎడమ కన్ను తెరిచింది. పెంకు ఎక్కి ఇటుక మీద కూర్చుని, వెనక కాళ్లు రెండూ బారచాపి, మెడ సాచి ఎండ కాగడం మొదలుపెట్టింది. డిప్ప అంచులు మాత్రం కొంచెం వంకర తిరిగి అలాగే ఉండిపోయాయి. అవి ఇక సరికావని డాక్టరమ్మ చెప్పింది. కానీ నొక్కితే గట్టిగా తగిలేది.

స్కూళ్లకు వేసవి సెలవులిచ్చాక ఆయన వచ్చారు. చాలా నెలల తరువాత. అమ్మాయి చెయ్యి పట్టుకుని నేరుగా మేడ మీదికి లాక్కెళ్లింది. పొడి చోటెందుకో, నీడెందుకో, అద్దంలోంచి వచ్చే ఎండ ఎందుకు పనికిరాదో ఆపకుండా చెబుతోంది. ఆయన గోలెం వైపు చూస్తున్నారు గానీ వింటున్నట్టు లేదు. అమ్మాయి చేపలు తేవడానికి కిందికి వెళ్లగానే నా వైపు తిరిగారు.

"నాకు విశాఖపట్నం ట్రాన్స్‌ఫరయింది."

"వాళ్లు చేశారా, మీరడిగారా?"

ఆయన పిట్టగోడ వైపు తిరిగారు. "అడిగాను," అన్నారు.

"అయితే పిల్లకు మీరే చెప్పండి. నేను చెప్పను."

అమ్మాయి గిన్నెలో చేపలతో వచ్చింది. ఆయన గొంతుక్కూర్చుని, దూరం ఊరు వెళ్తున్నానని, ఫోన్ చేస్తుంటానని, సెలవులకు రమ్మని చెప్పారు. అమ్మాయి అంతా వింది. గోలెం వైపు చూసి, మళ్లీ ఆయన మొహంలోకి చూసింది.

"కానీ ఇది బతికింది కదా డాడీ," అంది.

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆయనకు విడమరిచి చెప్పాలనిపించలేదు.

ఆయన వెళ్లాక అమ్మాయి మేడ ఎక్కడం మానేసింది. ఏడవలేదు, అడగలేదు. తాబేలు పేరు ఎత్తితే వేరే గదిలోకి వెళ్లిపోయేది. నీళ్లు నేనే మార్చేదాన్ని. నాకు ఆలస్యమైనప్పుడు మేత ఇంటామె వేసేది. వైజాగ్ నుంచి ఫోన్లు మొదట వారం వారం వచ్చాయి, తరువాత పండుగలకే. పిల్లకు ఏ మాట చెబితే బాగుంటుందో నాకు తోచేది కాదు.

దసరా సెలవులయ్యి స్కూళ్లు తెరిచాక, ఒక సాయంత్రం నేను గోలెంలో నీళ్లు తోడుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అమ్మాయి యూనిఫాం కూడా విప్పకుండా వచ్చింది. గోలెం అంచు మీద చేతులానించి చూసింది.

"నాచు పట్టింది. ఇటుకలు కూడా తియ్యాలి మమ్మీ," అంది.

మూత పక్కన పెట్టి, తాబేలును రెండు చేతులతో ఎత్తి వేరే బకెట్లో వేసింది. ఇటుకలు ఒక్కొక్కటే తీసి కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టింది. నేను మురికినీళ్ల బకెట్ ఎత్తుకుని మెట్లు దిగాను.