జుర్రేరు బూడిద

ఆరో తరగతిలో మా అమ్మాయికి ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు: అగ్నిపర్వతం పేలితే ప్రాచీన నాగరికత ఏమైంది? కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌లో ఆ క్లాసు పిల్లల్లో సగం మంది మనవాళ్లే. అందరూ ఇటలీలో బూడిద కింద పూడిపోయిన పాంపే నగరం మీద పడ్డారు. మా పిల్ల మాత్రం మా కర్నూలు వైపున్న జుర్రేరు లోయను ఎంచుకుంది.

అక్కడ అగ్నిపర్వతం లేదు. డెబ్బై నాలుగు వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే, దాని బూడిద సముద్రం దాటి వచ్చి మా నేలలో మేటలు వేసింది. మా అమ్మ గిన్నెలు తోమింది ఆ తెల్లటి పొడితోనే. తవ్వినవాళ్లకు బూడిద కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంటే బూడిద పడకముందూ అక్కడ మనుషులున్నారు, పడ్డాకా ఉన్నారు.

టీచర్ ఒప్పుకోలేదు. నగరం లేదు, రాజు లేడు, రాత లేదు, కాబట్టి అది నాగరికత కాదట. అదే చేస్తే గ్రేడ్ తగ్గుతుందట.

"ఎందుకొచ్చిన గొడవ? పాంపే చేసేయమను, ఈజీగా ఎ గ్రేడ్ వస్తుంది," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్లు మండింది. "ఊరంతా పోతేనే నాగరికతా? బతికి బట్టకట్టినవాళ్లు లెక్కలోకి రారా?"

ఆ రాళ్లు చెక్కినవాళ్లు మా తాతముత్తాతలని నేననను. అది ఎవరికీ తెలియదు. కానీ ఎండ మసకబారి, వాగు నీళ్లలో బూడిద కలిసిన తర్వాత కూడా ఎవరో కూర్చుని రాయి చెక్కారు. వాళ్లను వదిలేయమంటే నా వల్ల కాదు. మా పిల్ల కూడా వదల్లేదు.

పిల్లలు క్లాసులో తమ ప్రాజెక్టుల గురించి మాట్లాడే రోజు మమ్మల్నీ పిలిచారు. వెనక కుర్చీల్లో కూర్చున్నాం. అంతా విన్నాక ఒకమ్మాయి లేచి, మరి ఎంతమంది చనిపోయారని అడిగింది. మా పిల్ల తడుముకోలేదు. తెలియదంది. ఎంతమంది మిగిలారో కూడా తెలియదు, మిగిలారని మాత్రం తెలుసంది.

బి గ్రేడ్ వచ్చింది. ఏదైనా నగరం తీసుకుని మళ్లీ చేస్తే గ్రేడ్ మారుస్తానని టీచర్ కింద రాసింది. ఆ సాయంత్రమే మా ఆయన డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి పాంపే ఫొటోలు వెతకడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచేలోపే మా పిల్ల వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"వద్దు డాడీ, నేను చేంజ్ చెయ్యను. బి ఉండనీ. వాళ్లు బతికారు కదా," అంటూ తనే ల్యాప్‌టాప్ మూసేసింది.