మావయ్య చేతికే పలికిన కారు

పోయిన వారం ఇక్కడ మలేషియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో నా వర్క్‌షాపుకి ఒకాయన పాత అమెరికన్ కారు తెచ్చాడు. పెట్రోలుని గాలితో కలిపే కార్బొరేటర్ పీకేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టాలట. బానెట్ ఎత్తగానే పచ్చి పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. "పొద్దున్నే దీన్ని స్టార్ట్ చేసేది ఎవరు?" అని అతని భాష తమిళంలో అడిగాను. "మా నాన్న. ఎందుకు?" అన్నాడు. ముందు ఆయన్ని ఒకసారి తీసుకురండి, ఆయనతో మాట్లాడాకే స్పానర్ పట్టుకుంటానని చెప్పి పంపేశాను. కారు బాగుచేయడానికి ముసలాయన అనుమతి ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఒకప్పుడు నాకూ కాలేదు.

మా అమ్మ తమ్ముడు, మా మావయ్య, బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేటులో గుమాస్తా. ఎస్టేటు దొర దేశం వదిలి వెళ్ళిపోతూ, కొనేవాడు దొరక్క తన కారుని ఆయనకి అంటగట్టి పోయాడు. నీలం రంగు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు. ముందు భాగం మా ఇంటి వరండా అంత పొడుగు, లోపల కూర్చోవడానికి మాత్రం పిసరంత చోటు. అత్త దానికి "సవతి" అని పేరు పెట్టింది. ఆవిడ ఉక్రోషంలో న్యాయం లేకపోలేదు. వాన మొదలైతే మావయ్య ముందు కారు మీద టార్పాలిన్ కప్పి, ఆ తర్వాతే దండెం మీది బట్టలు తీసేవాడు. ఆయనకి తప్ప అది ఎవరికీ స్టార్టయ్యేది కాదు. యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కి, చోక్ సగం లాగి, కాస్త ఆగి తాళం తిప్పి, ఇంజను కుదురుకునే దాకా కాలితో బుజ్జగించాలి. ఎంత తొక్కాలో, ఎప్పుడు ఆగాలో ఆయన చెవికే తెలుసు. ఒక్కసారి ఎక్కువ తొక్కితే పెట్రోలు ముంచెత్తి, అలిగి కూర్చునేది. అయినా మా తెలుగువాళ్ళలో ఏ పెళ్ళికూతురైనా రాముడి గుడికి ఆ కారులోనే వెళ్ళాలి. ముందురోజు సాయంత్రం పిల్ల తండ్రి తాంబూలం పట్టుకుని మావయ్య దగ్గరికి వచ్చేవాడు. ముహూర్తం పంతులుగారు పెట్టినా బయల్దేరే ఘడియ మా తమ్ముడిదేనని మా అమ్మ ఎగతాళి చేసేది.

షుగరు వల్ల చూపు పోయాక మావయ్య కారు నడపడం మానేశాడు. నడపడానికి ఎవరో ఒకరు దొరికేవారు, స్టార్ట్ చేయడం మాత్రం ఆయనదే. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గోడ తడుముకుంటూ కారు దాకా వెళ్ళి, స్టార్ట్ చేసి, కాసేపు విని, ఆపేసి వచ్చి కాఫీ తాగేవాడు. పెళ్ళి రోజున స్టార్ట్ చేశాక దిగి, నడిపేవాడికి సీటు అప్పగించి, పక్కన నిలబడి చేయి ఊపేవాడు. అలాంటి ఒక పెళ్ళికి కారు మొరాయించింది. పట్టుచీరలో పిల్ల చెమటలు కక్కుతోంది, మావయ్య చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చివరికి పిల్లని పక్కింటి వ్యానులో ఎక్కించి పంపారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు, అదే ఆయన్ని కుంగదీసింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదని అత్త ఫోనులో చెప్పింది. ఇంకెప్పుడూ ఆయనకి ఈ తలవంపులు రాకూడదనుకున్నాను.

"కార్బొరేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టేద్దాం మావయ్యా," అన్నాను. "నువ్వు సదువుకున్నోడివి అల్లుడూ. నీకేటి తోస్తే అది సెయ్యి లా," అని చివర ఇక్కడి మలయ్ "లా" తగిలించి అన్నాడు. నీ ఇష్టం అనడమే మా ఇళ్ళలో పెద్దవాళ్ళు వద్దు అనే పద్ధతి. పిల్లల ఉత్సాహాన్ని మొహం మీద కాదనరు, పిల్లలే గ్రహించుకోవాలి. అది తెలిసి కూడా నేను స్పానర్లు తీశాను. మూడు వారాలు పట్టింది. ట్యాంకులో కొత్త పంపు దింపాను, పొగగొట్టానికి సెన్సర్ బిగించాను, డ్యాష్‌బోర్డు కింద చిన్న కంప్యూటర్ పెట్టె అమర్చాను. కార్బొరేటర్ ఉన్నచోట పెట్రోలు కొలిచి చిమ్మే కొత్త సరంజామా కూర్చుంది. తాళం తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను. మావయ్య సీట్లో కూర్చుని చోక్ ఉండాల్సిన చోట చేత్తో వెతికాడు.

"ఇప్పుడు నానేటి సెయ్యాలి?"

"ఏటీ సెయ్యక్కర్లేదు మావయ్యా. తాళం తిప్పితే సాలు. ఎవురైనా తిప్పొచ్చు."

"మంచిది," అని దిగిపోయాడు.

తర్వాతి పెళ్ళికి నేనూ వెళ్ళాను. ఈసారి తాంబూలం రాలేదు. తాళం ఎక్కడుంటుందని పెళ్ళికూతురి అన్న మా అత్తకి ఫోన్ చేసి కనుక్కున్నాడట. మావయ్య ఇస్త్రీ చొక్కా, జరీ పంచెతో వరండాలో కూర్చుని ఉన్నాడు. పెళ్ళికూతురి అన్న వచ్చి తాళం తీసుకుని, "నువ్వు కూకో తాతా, బయట ఎండ లా," అని ప్రేమగానే అన్నాడు. మావయ్య కాలితో చెప్పులు వెతుక్కుంటున్నాడు. అవి దొరికేసరికి కారు గేటు దాటింది. శబ్దం వెళ్ళిన వైపు తిరిగి ఆయన చేయి ఊపాడు. పక్కనే ఉన్న నేను ఎండ గురించే ఏదో అన్నాను.

ఆ తర్వాత పొద్దున్నే లేవడం మానేశాడు. కాఫీ కూడా మంచం మీదికే పట్టుకెళ్తున్నానని అత్త వాపోయేది. ఒక్కసారి మాత్రం నోరు తెరిచి అడిగాడు. "ఆ పాతది మళ్ళీ ఎక్కించగలవా అల్లుడూ?" నాకు ఊహ తెలిశాక ఆయన నన్ను అడిగింది అదొక్కటే. చేతినిండా పని ఉందని, "దీపావళి అయినాక సూద్దాం లా మావయ్యా," అన్నాను. దీపావళికి ఆయన లేడు.

ఇంజెక్షన్ పెట్టాక రోజూ పొద్దున్న ఐదు నిమిషాలు ఆదా అవుతున్నాయని అప్పట్లో కనిపించిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మావయ్యకి రోజు మొత్తంలో తనవంటూ మిగిలినవి ఆ ఐదు నిమిషాలే.