ముందర మోటరు కట్టిన పడవ

మా పెద్దకొడుకు కన్నుమూసి నెల దాటింది. కామెర్లు. ఆ కబురు నాకు ఎవరూ నోటితో చెప్పలేదు. చెరువు ఒడ్డున నిలబడి చూస్తుంటే అవతలి దిక్కు నుంచి మా పడవ వచ్చింది. అందులో ఒక్క వీపే కనిపించింది, మా అల్లుడిది. దవాఖానకు పోయేటప్పుడు ఇద్దరూ కూర్చుని పోయారు. వచ్చేటప్పుడు ఒకరు పడుకుని వచ్చారు.

పడవలో ఇటు వచ్చేవాళ్ల ముఖం కనిపించాలి గానీ వీపు కనిపించడమేమిటి అని మీరు అనుకుంటారు. మా పడవను చూడని వాళ్లు అందరూ అదే అడుగుతారు. అది వెనక్కి నడిచే పడవ. దానికి మోటరు ముందర ఉంటుంది. అట్లా ఎందుకు ఉందో చెబితేనే నా కొడుకు ఎట్లాంటివాడో మీకు తెలుస్తుంది. ఏడుస్తూ రాయాలని కూర్చున్నాను. వాడిని తలుచుకుంటే నవ్వొస్తోంది. నవ్వొచ్చినందుకు మళ్లీ ఏడుపొస్తోంది.

నాకు అక్షరాలు నేర్పింది కూడా వాడే. సంఘం వాళ్లు ఊళ్లో బడి పెడితే, నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి పలక మీద మొదటి మాట 'పడవ' అని రాయించాడు. "గుడి లేదు, కొమ్ము లేదు, ఒత్తు లేదు. నీ అసొంటోళ్ల కోసమే పుట్టింది అవ్వా గీ మాట" అన్నాడు. కాబట్టి ఇందులో తప్పులుంటే వాడి ఖాతాలో వేయండి.

మాది చేపలు పట్టే ఇల్లు. దంతాలపల్లికి ఎడ్లబండి మీద పూట ప్రయాణం. ఊరికి పడమట పెద్ద చెరువు. చెరువు దొరది, చేపలు దొరవి, వాన మాత్రం మాది, అదీ కప్పులోంచి కారేది. మా ఇంటాయన అడగకుండా వల వేశాడని దొర మనుషులు పడవ వెనక భాగాన్ని గొడ్డలితో నరికారు. ఆయన దాన్ని ఒడ్డున బోర్లా వేశాడు. ఆయన పోయాక కూడా అది బోర్లానే ఉంది. దాని కింద మా కోళ్లు గుడ్లు పెట్టేవి.

తర్వాత రోజులు మారాయి. దొర పట్నం పారిపోయాడు. ఊరు గడీ తలుపులు తీసి వడ్లు పంచుకుంది. వయసు మగవాళ్లు దళాల వెంట అడవికి పోయారు. మావాడికి ఒక కాలు కొంచెం పొట్టి. "నువ్వు ఉరికితె మేమందరం చిక్కుతం" అని దళం వాళ్లు వాడిని ఇంటికి పంపారు. వాడు పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత చెరువు కట్ట దిగువన, నీళ్లు కనిపించని దిక్కు, పోలీసు క్యాంపు పడింది. బాట మీద బండి కనిపిస్తే ఆపేవాళ్లు, తోలేవాడిని సంఘం మనిషివని పట్టుకుపోయేవాళ్లు.

సరిగ్గా అప్పుడే నా బిడ్డకు, వాడి చెల్లెలికి, ఎనిమిదో నెల వచ్చింది. దాన్ని చెరువు అవతలి ఊరికి ఇచ్చాం, అల్లుడు అప్పటికే దళంతో పోయాడు. తొలికాన్పు పుట్టింట్లో కాకపోతే మా దిక్కు ఆడవాళ్లు తల ఎత్తుకు తిరగలేరు. బండి కట్టే దారి లేదు. పొలాల వెంట చుట్టు తిరిగి నడవాలంటే బిడ్డ కాళ్లు వాచి ఉన్నాయి. పైగా వానలు పడి చెరువు నిండింది, నడుమ గడకర్రకు అడుగు అందదు. తెడ్లు వేయడానికి ఊళ్లో వయసు మగవాళ్లు లేరు. అప్పుడు మా వియ్యపురాలు, చిట్యాల దిక్కు మనిషి, చేపలు అమ్మే ఆమెతో కబురు పంపింది: "మీతోని కాకుంటె చెప్పుమను. నా కోడలి కాన్పు నేనే జేసుకుంట. రేపు ఎవలన్న అడిగితె పుట్టింటోళ్లకు తీరిక లేకుండెనని చెప్త."

క్యాంపు తుపాకులకు నేను అంత భయపడలేదు.

మావాడు అన్నం గిన్నె ముందు నుంచి లేచాడు. "గడీల మోటర్లున్నయి గదనే అవ్వా!" అన్నాడు.

అవి రెండు. బాతుల వేటకని దొర తెప్పించుకున్నవి. పడవను పట్నం వాళ్లకు ఇచ్చేసినా మోటర్లు కొట్టంలో ఉండిపోయాయి. ఊరు గడీలో తాళ్లతో సహా అన్నీ పంచుకుంది గానీ వాటిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మావాడితో పాటు నేను, వడ్రంగం చేసే వడ్లాయన, కల్లు గీసే గౌడు పోయాం. ఒకటి పెద్దది, ఎర్రగా నిగనిగలాడుతోంది. రెండోది చిన్నది, మసిబారి, పిడికిట్లో పట్టే సన్నటి మెడతో ఉంది.

"పెద్దది తీస్కోరా! కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది" అన్నాడు గౌడు.

మావాడు అంగట్లో ఎడ్లను చూసినట్టు రెండింటి చుట్టూ తిరిగాడు. తట్టాడు, వంగాడు, కింద ఉన్న మూడు రెక్కలను వేలితో తడిమాడు.

"పండ్లు జూస్తున్నవారా?" అన్నాడు గౌడు.

"మూడే ఉన్నయి మామా. ఇంక పాలపండ్లే."

పెద్దదాన్ని భుజాన ఎత్తుకుని నాలుగు అడుగులు వేసి కూర్చుండిపోయాడు. చిన్నదాన్ని ఎత్తుకుని గడీ దర్వాజ దాకా కుంటుకుంటూ పోయి వచ్చాడు. క్యాంపు వాళ్ల కంట పడకుండా ప్రతిసారీ దాన్ని విప్పి మోసుకొచ్చి గడ్డివాములో దాచాలి కదా. "నేను మోసేటిది గావాలె. నన్నే నలుగురు మోసేటట్టు జేసేటిది నాకెందుకు?" అన్నాడు.

అయినా పరీక్ష చేయకుండా కొంటే అంగట్లో నవ్వుతారు కదా, ఇక్కడా అంతే. కొట్టంలో పశువుల కుడితి గోలెం నిండా ఉంది. ముందు పెద్దదాన్ని అందులో దించి తాడు లాగారు. వడ్లాయన లాగాడు, గౌడు లాగాడు, నేనూ లాగాను. పెండ్లికొడుకు కదలలేదు. చిన్నదాన్ని దించి మావాడు ఒక్క గుంజు గుంజాడు. అది దగ్గింది, తుమ్మింది, అరిచింది. గోలెంలో కుడితి అంతా లేచి మా నలుగురి మీదా పడింది. గౌడు మీసాలకు తౌడు అంటుకుంది. ఖాళీ గోలెంలో అది ఇంకా అరుస్తూనే ఉంది.

"కుడితి మంచిగ తాగింది. పనికొస్తది" అన్నాడు మావాడు. అట్లా బేరం ముగిసింది. దొర కారు కోసం దాచిన పెట్రోలు పీపాను కూడా దొర్లించుకుని వచ్చాం.

వడ్లాయన పడవ వెనక భాగానికి కొత్త చెక్కలు వేశాడు. సందుల్లో దూది కుక్కి, గుగ్గిలం ఆముదంలో కాచి పూశాం. మోటరును ఎక్కడ కట్టాలన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. దొర పడవ వేటకు దిగితే ఆ దిక్కు తలెత్తి చూడకూడదని మా ఊరికి కట్టడి. అందుకని మోటరు పడవకు ముందుండేదో వెనకుండేదో ఊళ్లో ఒక్క మనిషికీ తెలియదు. సప్పుడు విన్నాం గానీ చూడలేదు.

మావాడు అడిగాడు: "బండికి ఎడ్లు ముందుంటయా, ఎన్క ఉంటయా?"

ముందే అన్నారు అందరూ. ముందర మందపాటి మద్ది చెక్క బిగించి దాని మీద మోటరును కూర్చోబెట్టారు. గౌడు తన మోకు తెచ్చి దానికి చుట్టాడు. "తాటిచెట్టెక్కినప్పుడు నన్ను పడనియ్యలే, దీన్ని సుత పడనియ్యది" అని, ఆ వారం చెట్టెక్కకుండా కూర్చున్నాడు. మోటరు పిడికి రెండు పక్కలా ఎడ్ల పగ్గాలు కట్టి పడవ నడుమ దాకా తెచ్చారు. అక్కడ మోటరు వైపు తిరిగేటట్టు ఒక పీట కొట్టారు, తోలేవాడికి. దాని పక్కన కాన్పు మనిషికి ఇంకో పీట. మావాడు ఎద్దు గంట కూడా కడతానన్నాడు గానీ నేను వద్దన్నాను.

మొదటిసారి నడిపే రోజు ఊళ్లో ఉన్న ముసలీ ముతకా అందరూ ఒడ్డుకు వచ్చారు. పడవ ముక్కు చెరువు వైపు పెట్టారు. ముందుకు పోతుంది కదా అని మేమంతా వెనక నిలబడ్డాం. మావాడు తాడు గుంజాడు. మోటరు అరిచింది. పడవ మా మీదికి వచ్చింది.

ఎవరు ఎటు పరిగెత్తారో ఎవరికీ తెలియదు. బట్టలు ఉతికే బండను దాటుకుని, బురదలో పడుకున్న బర్రెల నడుమ దూరి ఆగింది. బర్రెలు లేచి ఊళ్లోకి పోయాయి. గౌడు చింతచెట్టు మీద నుంచి అరిచాడు: "ఎన్కకు నడుస్తందిరా నీ ఎద్దు!"

మావాడు ముఖం మీది బురద తుడుచుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "పడవ మంచిగనే పోతున్నది. మనమే తప్పు దిక్కుకు నిలవడ్డం" అన్నాడు.

నా కొడుకు బతుకంతా ఆ మాటలోనే ఉంది. ఏది తిరగబడినా దాన్ని తిట్టేవాడు కాదు, తను తిరిగి నిలబడేవాడు. మోటరు విప్పి వెనకకు కట్టమని అందరూ చెప్పారు. "ఎన్క భాగం దొర గొడ్డలి తిన్నది, దాని మీద బరువెయ్యద్దు" అన్నాడు. పోనీ పీట తిప్పుకోమంటే, "పగ్గాలు గుంజాలంటె మోటరు దిక్కే సూడాలె. బాట కోసం మెడ తిప్పుత. మెడ ఉన్నది అందుకే గదా" అన్నాడు. పడవ అట్లాగే ఉండిపోయింది. అందులో ఎక్కినవాళ్లు పోయే ఊరిని చూడరు, వదిలిన ఊరిని చూస్తారు.

మర్నాడు చెల్లెలి కోసం పోయాడు. ఒడ్డున నిలబడిన నాకు వాడి ముఖం చాలాసేపు కనిపించింది, మెడ తిప్పినప్పుడల్లా ఒక చెవి. పొద్దు వాలుతుండగా మోటరు సప్పుడు వినిపించింది. వీపులు కనిపించాయి. రెండు ఉండాలి. మూడున్నాయి.

పడవ ఒడ్డుకు తగిలితే గానీ తెలియలేదు, మూడోది మా వియ్యపురాలు. దారి పొడుగునా ఆమె అరుస్తూనే వచ్చిందట: "ఎన్కకు వోతున్నవ్ పిలగా, మా ఊరు గటున్నది!" మావాడు, "కనవడుతనే ఉన్నది గద అత్తా, నీకు బెంగ లేకుంట" అన్నాడట. దిగీ దిగగానే నాతో అంది: "కాన్పు మీ ఇంట్లనే కానియ్యి వదినె. ఎట్ల జేస్తవో సూడనీకి అచ్చిన."

క్యాంపు కన్నా ఇది పెద్ద పరేషాన్. ఎసట్లో నీళ్లు ఎక్కువయ్యాయంది, బిడ్డకు వేసిన నులకమంచం వదులయ్యిందంది. అయినా ఆ మర్నాడు ఆమె లేకపోతే మేము మిగిలేవాళ్లం కాదు. క్యాంపు జమేదారు మా వాకిట్లోకి వచ్చి, చెరువు మీద ఏమిటా సప్పుడు అన్నాడు.

"కప్పలు సార్" అన్నాడు మావాడు.

"గంత సప్పుడా?"

"దొరగారి చెరువు సార్. కప్పలు సుత గట్లనే ఉంటయి."

జమేదారు నవ్వలేదు. గడ్డివాముకు ఆనుకుని నిలబడి చుట్ట తీశాడు. ఆ వాములోనే మోటరు ఉంది, పెట్రోలు వాసన నా ముక్కుకు తగులుతోంది. మావాడు మంచం తెచ్చి దూరంగా వేశాడు. జమేదారు అటు కదలలేదు. అప్పుడు వసారాలోంచి మా వియ్యపురాలు చేట పట్టుకుని దిగింది: "అయ్యా, నా కోడలు రేపో మాపో కంటది. గా కప్పలు మమ్ముల పండుకోనిస్తలెవు. తుపాకులున్నయి గద, జర రెండిటిని కాల్చి పొండ్రి. గీ చుట్ట గిక్కడ తాగకు, పొగకు దానికి వాంతులైతన్నయి. నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

జమేదారు చుట్ట చెవి మీద పెట్టుకుని వెళ్లిపోయాడు. మావాడు ఆమె కాళ్లకు దండం పెట్టాడు. "లెవ్వు. నీ కోసం గాదు, పడవ లేకుంటె నేను ఇంటికెట్ల పోవాలె?" అంది. అప్పటినుంచి ఆమె ఏది అన్నా నేను ఊరుకున్నాను.

బిడ్డకు ఆడపిల్ల పుట్టింది, మా ఇంట్లోనే. తర్వాత అటు ఊరి కాన్పులకు, ఇటు ఊరి జ్వరాలకు, ఉప్పుకు, దీపం నూనెకు ఆ పడవే తిరిగింది. పీపా అడుగంటితే అవతలి ఒడ్డుకు పోయి, తొర్రూరు లారీల వాళ్లను బతిమాలి సీసాలతో పెట్రోలు తెచ్చేవాడు. క్యాంపు ఎత్తేశాక కూడా జనం బాట మీద పోకుండా మావాడి పడవే ఎక్కేవాళ్లు, ఊరికే నవ్వుకోవడానికి. దళంలోకి రానివ్వలేదని ఏడ్చినవాడు ఎంతమందిని ఒడ్డు చేర్చాడో, ఒక్కరోజూ చెప్పుకోలేదు.

మొన్న మా అల్లుడు వచ్చి పడవ వెనక చెక్కలు తట్టి చూశాడు. ఇకనుంచి అతనే నడుపుతానన్నాడు. "అత్తా, ఎన్క భాగం గట్టిగనే ఉన్నది. మోటరు గిటు మార్సమంటవా? నాకు మెడ నొస్తన్నది" అన్నాడు.

"నొయ్యనియ్యి కొడకా" అన్నాను.

దవాఖానకు పోయిన రోజు మావాడు నడుచుకుంటూనే వచ్చి పడవెక్కాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పగ్గాలు అల్లుడికి ఇచ్చి, తను పక్క పీట మీద, చెల్లెలు కూర్చున్న పీట మీద, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "పగ్గం మెల్లగ గుంజు బావా, అది కుడితి తాగిన ఎద్దు" అన్నాడు. నన్ను చూసి, "ఎండల నిలవడకు అవ్వా, ఇంటికి వో" అన్నాడు. నేను పోలేదు. మోటరు దగ్గింది, తుమ్మింది, అరిచింది. ముందు వాడి కళ్లు కనిపించకుండా పోయాయి. తర్వాత మీసం. నీళ్ల నడుమకు చేరేసరికి తెల్ల తలరుమాలు కింద గింజంత చుక్క మిగిలింది. అది ఇటే తిరిగి ఉంది.