నా వెనక అడుగుల చప్పుడు

పరుగు పందెంలో పేసర్ అంటే ఏమిటో మా ఇంట్లో చెప్పి చెప్పి విసిగిపోయాను. గెలవాల్సిన మనిషికి ముందు పరుగెత్తాలి. ఎదురుగాలి తనే భరించాలి, గడియారం తనే చూసుకోవాలి, ఒప్పుకున్న దూరం రాగానే నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. "మెడల్ ఆమెకు, దమ్ము నీకు. మంచిగుంది పంపకం" అని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఆమె అనడంలో తప్పేమీ లేదు. మెట్టుగూడలో కాపురం, ఆఫీసులో గుమాస్తా పని, పదిహేనేళ్ళ పరుగులో నా పేరున ఒక్క పతకం లేదు.

మా ఆవిడ ఎగతాళిలో మెడల్ దక్కిన మనిషి మా చిన్నాన్న కూతురు, నాకు చెల్లెలు. కాప్రాలో ఒక ప్రైవేటు బడిలో పీటీ టీచరు. ఏటా జూన్‌లో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని కాంట్రాక్టు. హాఫ్ మారథాన్, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాల లోపు పరుగెత్తితే రాష్ట్ర జట్టులో చోటు, ఆ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో పక్కా ఉద్యోగానికి దరఖాస్తు. వయసు పరిమితి ఆ ఏడాదితో సరి. దరఖాస్తు గడువులోపు మిగిలింది ఒకే ఒక్క పందెం.

నాలుగు నెలలు తెల్లవారకముందే బొల్లారం రోడ్ల మీద ఆమెకు ముందు పరుగెత్తాను. ఆమె పెట్టిన షరతు ఒకటే. "అన్నా, నువ్ ఎన్కకు జూడకు. నువ్ జూసినప్పుడల్లా నీ భుజం తిరుగుతది, అడుగు చిన్నగైతది, నాకు సుత లయ తప్పుతది. నా అడుగుల చప్పుడు ఇనుకుంట ఉరుకు, సాలు." అలాగే విన్నాను. ఆమె కుడికాలు కాస్త బరువుగా పడుతుంది. కళ్ళు మూసుకుని వందమందిలో కూడా గుర్తుపడతానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను.

పందేనికి వారం ముందు కొత్త బూట్లు తెప్పించి ఇచ్చాను. అడుగున గట్టి రేకులాంటిది ఉండి, మనిషిని ముందుకు తోసే రకం. వేగంగా పరుగెత్తేవాళ్ళంతా ఇప్పుడు అవే వేస్తున్నారు. నాకు చాలా తెలుసన్న పొగరు కదా, అవి వేసుకున్నాక అందరి అడుగులూ ఒకేలా టకటకమంటాయన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

మొదటి పది కిలోమీటర్లు అనుకున్నట్టే సాగాయి. కిలోమీటరుకు మూడు నిమిషాల నలభై ఆరు సెకన్లు, అటూ ఇటూ కాకుండా. పదకొండో కిలోమీటరులో కొంచెం పల్లం వచ్చింది, గాలి కూడా తగ్గింది. రోడ్డు పక్కన ఎవరో "అరే, గీ అన్న మస్తు ఉరుకుతుండు" అని చప్పట్లు కొట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు నా ఒళ్ళు పొంగింది. గడియారంలో మూడు నిమిషాల నలభై ఆరు పోయి మూడు నలభై రెండు కనబడింది. తగ్గాలని తెలుసు. వెనక చప్పుడు వినబడుతూనే ఉంది కదా, ఆమెకూ ఈ రోజు బాగున్నట్టుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరో ఏడు కిలోమీటర్లు అదే వేగం.

పద్దెనిమిదో కిలోమీటరు బోర్డు దగ్గర పక్కకు తప్పుకుని, వెనక్కి తిరిగి, "ఉరుకు చెల్లె, ఇంక నీదే!" అని గొంతు చించుకుని అరిచాను.

ముఖమైనా తెలియని అమ్మాయి ఒకతి "థాంక్యూ అన్నా" అంటూ చెయ్యెత్తి నన్ను దాటిపోయింది. ఆమె వెనక రోడ్డు ఖాళీగా ఉంది.

అక్కడ నిలబడ్డ ఆ నిమిషాన్ని నేను ఈనాటికీ మరిచిపోలేదు. మలుపులో మా చెల్లెలు ఒంటరిగా కనబడింది. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. మళ్ళీ దిగి ఆమెకు ముందు పరుగెత్తాలనిపించింది గానీ, ఒకసారి తప్పుకున్న పేసర్ తిరిగి దిగితే ఆమె పరుగే చెల్లదు. చేతులు కట్టేసినట్టు నిలబడ్డాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, అలాగే ముందుకు పరుగెత్తింది.

పంతొమ్మిది సెకన్లు ఎక్కువయ్యాయి. నా వెనక వచ్చిన ఆ అమ్మాయికి జట్టులో చోటు దొరికింది.

అందరికీ బూట్ల కథే చెప్పాను. చిన్నాన్నకు చెప్పాను, మా ఆవిడకు చెప్పాను. చప్పుడు ఒకేలా ఉంటే పాపం ఇతను మాత్రం ఏం చేస్తాడని అందరూ నమ్మారు. గడియారంలో మిగిలిపోయిన ఆ అంకెల గురించి ఎవరికీ చెప్పలేదు. నేను వేగం పెంచకపోతే ఆమె నా వెనక నుంచి తప్పిపోయేదే కాదు.

దరఖాస్తు గడువు దాటిన వారానికి, పొద్దున్నే కాప్రా చెరువు దగ్గర ఆమెతో నడుస్తూ మళ్ళీ ఆ బూట్ల పాటే ఎత్తుకున్నాను. "చప్పుడు అంతా ఒక్క తీరుగుండె చెల్లె. నువ్వన్నా ఒక్క కేక వెయ్యకపోతివి?"

"నోటిదాంక వచ్చింది అన్నా, పదమూడో కిలోమీటరు కాడ" అంది. "గని నువ్ గప్పటికే జోర్ పెంచినవు. ఇన్నేండ్లు నా కోసమే ఉరికినవు. గా దినం నీ కోసం ఉరుకుతున్నవనిపించింది. ఎన్కకెళ్ళి జూస్తుంటే మంచిగనిపించింది. ఆపబుద్ధి కాలే."

తిట్టినా బాగుండేది. వాకింగ్‌కు వచ్చిన వాళ్ళంతా చూస్తుండగానే గట్టిగా ఏడ్చేశాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని, "పద అన్నా, నాకు స్కూల్‌కు టైమైతుంది" అంది.