డెల్బర్ట్‌కు కావలసిన సాక్షి

హడ్సన్ నది ఒడ్డున కోర్టుకెళ్లే బస్సులో ముసలి డెల్బర్ట్ ఎప్పటిలాగే డ్రైవర్ వెనకే, చేతులు మోకాళ్ల మీద కనబడేలా పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లలెవరైనా పక్కన కూర్చుంటే లేచి నిలబడతాడు. జైలు నుంచి వచ్చాక పట్టుకున్న అలవాటది. తోడు లేనివాడికి పలకరింపే చుట్టం అంటారు. అతనికి ఆ చుట్టం డ్రైవర్ లొరెట్టా ఒక్కతే.

"ఏంటి తాతా, టై కట్టావ్? పెళ్లిచూపులా?"

"కోర్టుకి. జైలు నుంచి వచ్చినవాళ్ల జాబితాలో నేను మూడో స్థాయి, అంటే అన్నిటికన్నా పై స్థాయి ప్రమాదకారినట. రెండో స్థాయికి దించమని అడగాలి. నన్నెరిగినవాళ్లు ఒక్కరు వచ్చి చెబితే జడ్జి వింటారంది వకీలు. డ్యూటీ దిగాక నువ్వొస్తావా?"

"నీవల్ల ఎవరికి తాతా ప్రమాదం?" లొరెట్టా పకపకా నవ్వింది.

అబద్ధమాడటానికి అతనికి నోరు రాలేదు. "పిల్లలకి," అన్నాడు.

లొరెట్టా చూపు అద్దంలోంచి వెనక సీట్లో కాళ్లూపుతున్న చిన్నపిల్ల మీదికి పోయింది. మళ్లీ అతని వైపు రాలేదు. కోర్టు దగ్గర తలుపు తెరిచింది. డెల్బర్ట్ టై సర్దుకుని, దిగి ఒక్కడే కోర్టులోకి నడిచిపోయాడు.