నున్నబడిన వియన్నా చెంచా

జగ్గయ్యపేటలో కూర్చుని ఆస్ట్రియా పాత వెండి సేకరించాలనుకోవడం ఎంత తెలివితక్కువ పనో ముందే ఒప్పేసుకుంటున్నాను. పుస్తకాలు తెప్పించుకుని, భూతద్దం కొనుక్కుని, ఏళ్ల తరబడి బీరువా నింపాను. నిండిందంతా జర్మన్ సిల్వర్. దానికి పేరులో తప్ప ఒంట్లో వెండి ఉండదు. ఆస్ట్రియాకని బయల్దేరి జర్మనీలో దిగిపోయినవాణ్ణి నేను.

ఒక్క చెంచా మాత్రం అసలుది. నందిగామలో ఒక వెండికొట్టులో, కరిగించడానికి పోసిన పాత సామానులో దొరికింది. కాడ వెనక చిన్న ముద్ర: తలలో నెలవంక పెట్టుకున్న దేవత ముఖం, పక్కన మూడు అంకె, వియన్నాకు గుర్తుగా ఒక అక్షరం. ఆ ముద్ర ఉంటే అది వియన్నా వెండి. లేకపోతే ఉత్త వెండి. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఎంత పెట్టి కొన్నానో కూడా చెప్పాలి.

కొన్నేళ్ల కిందట మా బావమరిది కూతురికి వేదాద్రిలో అన్నప్రాశన పెట్టుకున్నారు. మేనకోడలికి మొదటి ముద్ద వెండి చెంచాతోనే పెట్టాలని మా ఆవిడ బీరువా తీసి, దాన్ని ముందురోజే తమ్ముడి చేతికిచ్చింది. శుభకార్యం కదా, నోరు మూసుకున్నాను.

గుళ్లో చెంచా తళతళలాడుతోంది. అనుమానం వచ్చి తిప్పి చూశాను. కాడ వెనక నున్నగా ఉంది.

“ఇక్కడ ముద్ర ఉండాలి కదయ్యా?”

“అదా బావగారూ, ఏదో గరుగ్గా తగిలింది. పిల్లకి గీసుకుంటుందని ఆకురాయి పెట్టి రుద్దించేశా. పాలిష్ ఫ్రీగా చేశాడు.”

“అందులో ఒక ఆడమనిషి ఉండేది.”

“అక్కా, విన్నావా? బావగారి బీరువాలో ఆడమనిషంట.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాప పాయసం చప్పరిస్తోంది. తప్పు దానిది కాదు.

ఇంటికొచ్చి భూతద్దంతో వెతికాను. దేవత ముక్కుకొన కూడా మిగల్లేదు. నాకు కన్నుందని చెప్పడానికి ఉన్న ఒక్క సాక్ష్యం అది. ఇప్పుడు అది వియన్నాదని నా నోటితో నేనే చెప్పాలి. బీరువా నిండా నకిలీలు కొన్నవాడి మాట ఎవరు నమ్ముతారు? ఆ ముఖం నిజంగా చూశానా, లేక చూడాలనుకుని చూశానా అని ఒక్కోసారి నాకే అనిపిస్తుంది. పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించాను. కొట్లవైపు వెళ్లడం మానేశాను. వెళ్లినా కాళ్లే వెళ్లేవి, కళ్లు వచ్చేవి కావు.

తర్వాత ఒకరోజు బావమరిది కుంకుమభరిణ ఒకటి పట్టుకొచ్చాడు. మూత మీద నెమలి.

“మా అత్తగారింట్లో దొరికింది బావగారూ. పాతదేనంటారా?”

చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, అందులో వెండి వీసమెత్తు లేదని. అయినా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, చాలాసేపు చూసి, పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాను.

“తోమొద్దు. వాడొద్దు. ఎవరికీ చూపించొద్దు.”

“అంతుందా?”

“నన్నేమీ అడక్కు.”

ఆ వారంలోనే నందిగామ బ్యాంకులో లాకరు తీసుకున్నాడు. ఏటేటా అద్దె కడుతున్నాడు. గాలి తగిలితే పాడవుతుందేమోనని తెరిచి చూసుకోవడం కూడా లేదట.